ఆకాశం భుజం ఇచ్చిన వేళ

కృష్ణా డెల్టా అడుగుభాగంలో కొండ లేదు, గుట్ట లేదు. గుడివాడ దాటి బందరు వైపు సాగితే వరిచేలు, చేపల చెరువులు, కాలవ గట్ల మీద తాడిచెట్లు తప్ప చూపుకు అడ్డం రాదు. అందుకే ఇక్కడ ఆకాశం పెద్దది. దాని మీద ఏది కదిలినా ఊరంతా తలెత్తి చూస్తుంది. ఈ డెల్టా కొసన, కృష్ణ పాయల నడుమ సముద్రాన్ని ఆనుకుని ఉన్న నేల దివిసీమ. ఇక్కడ దివి అంటే దీవి. మామూలు తెలుగులో దివి అంటే ఆకాశం, స్వర్గం. ఈ రెండు అర్థాల నడుమ ఆలోచించాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. దేశానికి రాష్ట్రపతిగా పనిచేసిన మనిషి కన్నుమూస్తే అవసరమైతే వైమానిక దళం ఆయన దేహాన్ని మోస్తుంది, ఫిరంగులు వందనం పలుకుతాయి, జెండా సగానికి దిగుతుంది, జనం బారులు తీరుతారు. ఈ గౌరవం ఎవరికి చెందుతుంది? దేనితో కొలవాలి? జవాబు వెతకడానికి గుడివాడ, బందరు, దివిసీమల దారి మంచి దారి. ఆ శవపేటిక మీద కప్పే జెండాకు ఈ నేలతో పేగుబంధం ఉంది. ఏ గౌరవమూ అందకుండా పోయిన వేల చావులూ ఈ నేల మీదే జరిగాయి.

ముందు మనందరికీ గుర్తున్న వీడ్కోలును తలుచుకుందాం. 2015 జూలై 27 సాయంత్రం షిల్లాంగ్‌లో విద్యార్థుల ముందు మాట్లాడుతూనే మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం కుప్పకూలిపోయారు. ఆ దేహాన్ని వైమానిక దళ హెలికాప్టర్ షిల్లాంగ్ కొండల మీది నుంచి గువాహటికి దించింది. అక్కడి నుంచి సి-130జె రవాణా విమానం ఢిల్లీకి చేర్చింది. మళ్లీ ఢిల్లీ నుంచి మదురైకి విమానం, మదురై నుంచి మండపానికి హెలికాప్టర్, అక్కడి నుంచి రోడ్డు మీద రామేశ్వరం. జూలై 30న పేయ్‌కరుంబులో సైనిక లాంఛనాలతో ఖననం జరిగింది. లక్షల జనం వచ్చారు. దేశమంతటా 7 రోజులు సంతాపం పాటించారు. ఈ ప్రయాణాన్ని తెలుగువాడి కళ్లతో చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మన ఊళ్లలో పాడె మోసేవాళ్లు దారిలో భుజం మార్చుకుంటారు. ఒకరు అలిసేలోగా ఇంకొకరు వచ్చి అందుకుంటారు. ఆ నాలుగు రోజుల్లో జరిగింది అదే. హెలికాప్టర్ భుజం నుంచి విమానం భుజానికి, విమానం భుజం నుంచి మళ్లీ హెలికాప్టర్ భుజానికి ఆ పాడె మారింది. దేహాన్ని దేశంలో ఒక కొస నుంచి ఇంకో కొసకు మోసి, పుట్టిన ఊరి మట్టికి అప్పగించడమే అక్కడ వైమానిక దళం చేసిన పెద్ద మర్యాద.

కలాం విషయంలో ఆ మర్యాదకు లోతైన అర్థం ఉంది. చదువు ముగిశాక ఆయన వైమానిక దళంలో పైలట్ కావాలని కోరుకున్నారు. డెహ్రాడూన్‌లో జరిగిన ఎంపికలో ఉన్న ఖాళీలు 8, ఆయనకు వచ్చిన స్థానం 9. ఒక్క మెట్టు దూరంలో ఆ కోరిక ఆగిపోయింది. రాష్ట్రపతిగా ఉండగా 2006 జూన్ 8న, 74 ఏళ్ల వయసులో, పుణెలో సుఖోయ్-30 యుద్ధ విమానం ఎక్కి ఎగిరారు. అలా ఎగిరిన తొలి రాష్ట్రపతి ఆయనే. తొమ్మిదో స్థానంలో నిలిచిన ఆ పడవవాడి కొడుకును చివరికి అదే దళం తన రెక్కల మీద ఇంటికి చేర్చింది. మిగతా దేశాల్లోనూ ఇలాంటి రుణం తీర్చుకునే పద్ధతులు ఉన్నాయి. అమెరికా మాజీ అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యు. బుష్ రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళ పైలట్. 2018 డిసెంబర్ 6న టెక్సాస్‌లో ఆయన అంత్యక్రియల వేళ 21 నౌకాదళ విమానాలు ఆకాశంలో వరుసగా సాగాయి. 2025 జనవరిలో జిమ్మీ కార్టర్ సొంత ఊరు ప్లెయిన్స్ మీదుగా కూడా నౌకాదళ విమానాలు ఎగిరాయి. ఈ వందనంలో ప్రధానమైన విన్యాసం ఒకటుంది. కలిసి ఎగురుతున్న విమానాల్లోంచి ఒకటి ఉన్నట్టుండి నిట్టనిలువునా పైకి వెళ్లిపోతుంది. మిగిలినవి ఆ ఖాళీని పూడ్చకుండా అలాగే ముందుకు సాగుతాయి. మన వైమానిక దళం కూడా ఈ విన్యాసం చేస్తుంది. కార్గిల్ యుద్ధంలో అమరుడైన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా స్మృతికి 2019 మేలో అప్పటి వైమానిక దళాధిపతి బి. ఎస్. ధనోవా స్వయంగా మిగ్-21 నడిపి ఈ వందనం చేశారు.

పోయినవాడి చోటును ఖాళీగానే ఉంచి అందరికీ చూపించడం ఆ విన్యాసంలోని సారం. మన సంప్రదాయంలో దీనికి తోబుట్టువు లాంటి ఆచారం ఉంది. మనిషి పోయాడని తెలిసి శవం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దానికి దహన సంస్కారం చేస్తారు. ఒకటి ఖాళీని ఖాళీగా చూపుతుంది, ఇంకొకటి ఖాళీకి రూపం కడుతుంది. రెండూ చెప్పే మాట ఒక్కటే: ఈ మనిషి ఉండేవాడు, ఇప్పుడు లేడు, అతను లేడన్న సంగతిని మేం లెక్కలోకి తీసుకున్నాం. ఈ వ్యాసం చెప్పదలచిందీ ఇదే. ప్రభుత్వ లాంఛనాల విలువ వాటి వైభవంలో లేదు. లేని మనిషిని అంత శ్రద్ధగా లెక్కలోకి తీసుకోవడంలో ఉంది. ఆ శ్రద్ధ ఒక్క పెద్దమనిషి దగ్గరే ఆగిపోతే లాంఛనం ఉత్త ముచ్చటగా మిగులుతుంది. మామూలు మనిషి చావు దాకా వస్తేనే అది ప్రజల సంతాపం అవుతుంది.

గుడివాడ నుంచి పామర్రు మీదుగా బందరు వైపు వెళ్లే దారికి కాస్త పక్కన, మొవ్వ మండలంలో భట్లపెనుమర్రు ఉంది. పింగళి వెంకయ్య పుట్టిన ఊరు అది. ఆయన బందరులో చదువుకున్నారు, అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. దేశానికి ఒక జెండా కావాలని 1916లోనే పుస్తకం రాశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల వేళ గాంధీజీకి ఒక నమూనా అందించారు. అది మార్పులు చెంది, రంగులు మారి, రాట్నం స్థానంలో అశోక చక్రం చేరి 1947 జూలై 22న జాతీయ పతాకం అయింది. ఆ పతాకాన్ని శవపేటిక మీద కప్పే తీరుకు నియమం ఉంది. కాషాయం తల వైపు ఉండాలి. దేహంతో పాటు జెండా గోతిలోకి దిగకూడదు, చితిలో కాలకూడదు. సగానికి దించేటప్పుడు కూడా ముందు స్తంభం కొస దాకా ఎగరేసి, ఆ తర్వాతే సగానికి దించాలి. ఎంత చిన్న సంగతులు ఇవి! కానీ సంతాపం అంతా ఇలాంటి చిన్న సంగతుల్లోనే ఉంటుంది. తల ఎటు, కాళ్లు ఎటు అని మన ఇళ్లలోనూ చూసుకుంటాం కదా. ఇంత శ్రద్ధకు ఆధారమైన జెండా కోసం జీవితం ధారపోసిన వెంకయ్య మాత్రం 1963 జూలై 4న బెజవాడలో పేదరికంలోనే కన్నుమూశారు. తన దేహం మీద త్రివర్ణ పతాకం కప్పమని కోరారని చెబుతారు. ఆయన పేర తపాలా బిళ్ల 2009లో వచ్చింది. గౌరవం ఆలస్యమైతే అది ఎవరి చేతికి అందుతుందో ఈ ఊరికి తెలుసు.

పామర్రు మండలంలోనే నిమ్మకూరు ఉంది. నందమూరి తారక రామారావు పుట్టింది అక్కడే. 1983లోనూ 1985లోనూ గుడివాడ ఓటర్లు ఆయన్ని శాసనసభకు పంపారు. 1996 జనవరి 18న హైదరాబాదులో ఆయన పోయేనాటికి ముఖ్యమంత్రి పదవి లేదు. అయినా లాల్ బహదూర్ స్టేడియంలో ఉంచిన ఆయన దేహం చూడటానికి వచ్చిన జనానికి అంతు లేదు. జనం దుఃఖానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదని ఆ చావు చెబుతుంది. మరి ఉత్తర్వుతో వచ్చే లాంఛనం ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. జనం దుఃఖం వరద లాంటిది, వచ్చినట్టే తీస్తుంది. లాంఛనం కాలవ గట్టు లాంటిది. వరద తీశాక కూడా నీటిని నిలిపి, వచ్చే ఏటికి దాచి, చివరి మడి దాకా అందిస్తుంది. కాలవ కింద బతికే డెల్టా రైతుకు ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

బందరు ఊరు గౌరవాల పాత లెక్క చూపిస్తుంది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివారు, ఆ తర్వాత ఇంగ్లీషువారు ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. డచ్చి సమాధుల తోటలో పెద్ద పెద్ద నల్లరాతి పలకలున్నాయి. వాటి మీద వంశ చిహ్నాలు, పేర్లు, తేదీలు చెక్కి ఉన్నాయి. 300 ఏళ్లు గడిచినా, ఉప్పుగాలి కొట్టినా ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదవవచ్చు. ఏడు సముద్రాలు దాటి వచ్చి ఇక్కడ పోయిన వర్తకుడి పేరు రాయి మీద నిలిచింది. ఇదే బందరులో 1864 నవంబర్ 1న తుఫాను, ఉప్పెన కలిసి వచ్చి 30 వేల మంది దాకా ప్రాణాలు తీశాయి. వాళ్లను మనం ఒక అంకెగా మాత్రమే ఎరుగుదుం. పేరు నిలవడానికి కావలసింది రాయి, చెక్కేవాడు, చెక్కించాలన్న తలంపు. మూడోది ఉంటే మొదటి రెండూ కష్టపడి అయినా సంపాదించవచ్చు. వర్తక సంఘానికి ఆ తలంపు ఉంది. అప్పటి పాలకులకు వేల మంది మామూలు జనం పట్ల అంతటి తలంపు లేకపోయింది.

చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ చేరితే కృష్ణ పాయ మీద అక్విడక్టు కనిపిస్తుంది. కింద నది, పైన కాలవ. ఆ కాలవ నీళ్లే దివిసీమకు అన్నం. ఆ దగ్గరే ఉప్పెన మృతుల స్మారక స్తూపం ఉంది. 1977 నవంబర్ 19, శనివారం. వరి చేతికొచ్చే కాలం. తుఫాను తీరం తాకింది, సముద్రం తాడెత్తు లేచి ఊళ్ల మీద పడింది. నాగాయలంక, కోడూరు వైపు తీర గ్రామాలు, సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు ఆ నీటి కింద నలిగిపోయాయి. పట్టుకున్న చెట్టు నిలిస్తే మనిషి నిలిచాడు. తెల్లారాక శవాలు చెట్లకు, కంచెలకు, వరికుప్పలకు చిక్కుకుని ఉన్నాయి. పశువుల కళేబరాలతో కలిసి నీళ్లలో తేలాయి. ఎవరి శవం ఎవరిదో తెలియక సామూహికంగా కాల్చారు, పూడ్చారు. మృతులు 10 వేలని కొందరు, 14 వేలని ఇంకొందరు రాస్తారు. దివిసీమ పెద్దలు ఇంకా ఎక్కువ చెబుతారు. ఆనాడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది మన తెలుగువాడే, నీలం సంజీవరెడ్డి. ఉప్పెన తర్వాత ఆ పెద్ద ఆకాశంలోకి హెలికాప్టర్లు వచ్చాయి, నీళ్ల మధ్య చిక్కినవాళ్లకు ఆహార పొట్లాలు జారవిడిచాయి. ఆకాశం ఆ రోజు బతికినవాళ్లకు భుజం ఇచ్చింది. పోయినవాళ్లకు మాత్రం భుజం ఇవ్వడానికి నలుగురు మిగలని ఇళ్లు ఎన్నో.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. మాజీ రాష్ట్రపతికి చేసే గౌరవం ఆ మనిషికి కాదు, రాజ్యాంగం కల్పించిన పదవికి. ఆ పదవిని, ఉప్పెనలో పోయిన వేల మందిని ఒకే తక్కెడలో పెట్టడం సరి కాదు, అందరికీ ఫిరంగి వందనం చేయలేం కదా అంటారు. నిజమే. అందరికీ విమానాలు ఎగరాలని ఎవరూ కోరడం లేదు. ఒకరికి చేసే గౌరవాన్ని తగ్గించి ఇంకొకరికి పంచే లెక్క కాదు ఇది. చూడవలసింది ఆ లాంఛనం లోపల ఉన్న పని తీరు. మాజీ రాష్ట్రపతి పోతే ప్రభుత్వం నాలుగు పనులు తప్పకుండా చేస్తుంది. ఎవరు పోయారో పేరు పెట్టి ప్రకటిస్తుంది. దేహం ఏ దారిన, ఏ వేళకు, ఎవరి చేతుల మీదుగా సాగాలో నిర్ణయిస్తుంది. కొన్ని రోజులు సంతాపానికి కేటాయిస్తుంది. అంతా అయ్యాక ఇంటివాళ్లకు దేశం తరఫున ఓదార్పు అందిస్తుంది. ఈ నాలుగింటిలో ఖరీదైనది ప్రయాణం ఒక్కటే. పేరు, రోజు, ఇంటివాళ్లను పలకరించడం, వీటికి ఖజానా ఖాళీ కానక్కర్లేదు. ఒక పంచాయతీ కూడా చేయగలదు. రాజ్యానికి చేతకాక కాదని పై ఉదాహరణే రుజువు చేస్తోంది. అంత చక్కగా చేయడం వచ్చినవాళ్లు ఇంకొంచెం ముందుకు రావాలి, అంతే.

రెండో అభ్యంతరం సైనిక లాంఛనం మీదే. విద్యార్థుల మధ్య పాఠం చెబుతూ పోయిన మనిషికి తుపాకులు, యుద్ధ విమానాలు ఎందుకు? పైగా కలాం క్షిపణుల శాస్త్రవేత్త. ఆ క్షిపణుల కథ ఇప్పుడు దివిసీమ దాకా వచ్చింది. నాగాయలంక మండలం గుల్లలమోద దగ్గర క్షిపణి ప్రయోగ కేంద్రానికి 2025 మే 2న ప్రధాని అమరావతి నుంచి శంకుస్థాపన చేశారు. మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తీరం, వేటే బతుకైన మత్స్యకారులు ఉన్న చోటు అది. వారి ఆందోళనను తేలిగ్గా తోసేయకూడదు. ప్రయోగం ఏ రోజో, ఏ నీళ్లలోకి వెళ్లకూడదో ముందే చెప్పడం, వేట ఆగిన రోజుకు కూలి లెక్క కట్టి ఇవ్వడం కనీస ధర్మం. అయినా కలాం జీవితంలోనే ఈ అభ్యంతరానికి సగం జవాబు ఉంది. హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలలో పుట్టిన తేలికైన పదార్థాన్ని ఆయన నిమ్స్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. పోలియో పిల్లలు ఈడ్చుకుని నడిచే 3 కిలోల కాలి ఊతాల చోట 300 గ్రాముల ఊతాలు వచ్చాయి. హృద్రోగ వైద్యుడు డాక్టర్ సోమరాజుతో కలిసి తక్కువ ధరలో స్టెంట్ చేయించారు. ఆయుధం పట్టే చేతికి ఊతం చేయడమూ తెలియాలన్నది ఆ జీవితం చెప్పిన పాఠం. దివిసీమ మీద పొట్లాలు జారవిడిచిన రెక్కలూ సైన్యం రెక్కలే కదా. సైనిక లాంఛనాన్ని నేను సమర్థించేది ఆ రెండో పనిని తలుచుకునే.

మూడో అభ్యంతరం మరింత బరువైనది. పోయినవాళ్ల పేర్లు రాస్తే వాళ్లు తిరిగి రారు, ఆ డబ్బుతో ఇంకో తుఫాను భవనం కట్టొచ్చు కదా అని. ఇది కరుణతో పుట్టిన మాట కాబట్టి కాదనలేం. అయితే రెండిటినీ పోటీ పెట్టడంలోనే పొరపాటుంది. చావును లెక్కలోకి తీసుకున్న చోటే రక్షణ పుడుతుంది. 1977 గుణపాఠంగానే తీరమంతా తుఫాను భవనాలు లేచాయి. బందరులో వాతావరణ శాఖ రాడార్ బంగాళాఖాతం వైపు కళ్లు తెరిచి కూర్చుంది. 1990 మే 9న అంతటి పెను తుఫానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ముందే లక్షకు పైగా జనాన్ని తరలించారు. ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. ఆ వెయ్యీ తక్కువ కాదు. కానీ 13 ఏళ్ల కిందటి వేలతో పోల్చితే, 1977లో పోయినవాళ్లు 1990లో ఎన్ని వేల మందిని బతికించారో అర్థమవుతుంది. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం. పరిహారం కోసం రాసే జాబితా ఫైలులో ఉండి చెదలు పడుతుంది. రుణం గుర్తుండాలని రాసే జాబితా పదిమంది నడిచే చోట రాయి మీద ఉండాలి. చదువుకునే పిల్ల తన ఊరి పేరు కింద తన ఇంటిపేరు చూసినప్పుడు, సైరన్ మోగితే ఇల్లు వదిలి వెళ్లాలని ఆ పిల్లకు ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేదు.

హంసలదీవి దాటాక కృష్ణ సముద్రంలో కలిసే చోట నేల, నీరు, ఆకాశం ఒకదాన్నొకటి తాకుతాయి. దివి అనే మాటకు ఉన్న రెండు అర్థాలూ అక్కడ కలిసిపోతాయి. దేశం తన పెద్దలకు ఆకాశం నుంచి చేసే గౌరవం నిలవాలి. మాజీ రాష్ట్రపతి శవపేటిక మీద కాషాయం తల వైపే ఉండాలి, జెండా కొస దాకా ఎగిరి సగానికే దిగాలి, రెక్కలు భుజం ఇవ్వాలి. ఆ గౌరవం పూర్తి కావాలంటే పని ఒకటి మిగిలింది. 1977 ఉప్పెన చూసిన కళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. అప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు అరవై దగ్గర పడుతోంది. వాళ్లు ఉండగానే దివిసీమలోని ప్రతి పంచాయతీ తన ఊళ్లో పోయినవాళ్ల పేర్లు ఇంటింటికీ వెళ్లి రాయించాలి. పేరు తెలియని పసిబిడ్డనైతే తల్లి పేరుతో రాయాలి, వలస కూలినైతే వచ్చిన ఊరి పేరుతో రాయాలి. ఇప్పటికే రాసి పెట్టిన చోట దాన్ని రాయి మీదికి ఎక్కించాలి. ఏటా నవంబర్ 19న బడిలో పిల్లల చేత ఆ పేర్లు పైకి చదివించాలి. ఈ పనికి విమానాలు అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఒక కలం, సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని వినే ఓపిక చాలు. దివిసీమ బిడ్డలారా, బందరు, గుడివాడ చదువరులారా, ఆ పుస్తకం ఈ నవంబర్‌లోనే తెరవండి.